రాజును వదిలి మంత్రిని తిట్టిన కరపత్రాలు

1649 జూలై 20న పారిస్ నగరంలో క్లోద్ మోర్లో అనే ముద్రాపకుడిని ఉరి తీయడానికి గ్రేవ్ మైదానానికి తీసుకుపోతున్నారు. అతను చేసిన నేరం ఒక చిన్న పద్యాల కరపత్రాన్ని అచ్చువేయడం. రాణిగారి పడకతెర నోరు విప్పి తాను చూసినదంతా చెబుతున్నట్లుగా అల్లిన ఆ పద్యాలలో, బాలుడైన పద్నాలుగవ లూయీ తల్లి ఆన్‌కూ, ప్రధానమంత్రి కార్డినల్ మజారిన్‌కూ అక్రమ సంబంధం ఉందని దాపరికం లేకుండా రాసి ఉంది. దారి మధ్యలో అచ్చుపని కుర్రవాళ్ళు, పుస్తకాల అంగళ్ళలో పనిచేసేవాళ్ళు గుంపుగా వచ్చిపడి, రాళ్ళు రువ్వి, భటులను చెదరగొట్టి మోర్లోను విడిపించుకుపోయారు.

ఇంత మాట రాణిని అన్నవాణ్ణి కాపాడిన పారిస్ జనం రాజద్రోహులని అనుకుంటే పొరపాటే. ఆ రోజుల్లో ఆ నగర వీధుల్లో మారుమోగిన నినాదం "రాజు వర్ధిల్లాలి, మజారిన్ వద్దు" అన్నది. ఈ నినాదంలోని రెండు సగాలూ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయని, మంత్రిని ఎంత ఘోరంగా తిడితే రాజు అంత పవిత్రంగా మిగిలాడని, ఆ తిట్లకు అడ్డంగా నిలబడే మనిషి లేకుండా పోయినప్పుడే ఫ్రాన్స్ రాజులకు అసలు చిక్కు మొదలయిందని, కొంతకాలంగా ఆ చరిత్ర చదువుతున్న నాకు తోస్తున్నది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవాళ్ళు ఊరికే అనలేదు. మా పర్లాకిమిడి ప్రాంతంలో జమీందారీ రోజుల సంగతులు చెప్పే పెద్దవాళ్ళ మాటలు వింటే, దొరవారు ఎప్పుడూ ధర్మప్రభువులే. శిస్తు పెంచినవాడు దివాను, కొలతలో మోసం చేసినవాడు అమీను, అర్జీని దొరవారి దాకా పోనివ్వనివాడు గుమస్తా. దొరవారికి తెలిస్తే ఇలా జరగనిచ్చేవారా అన్నది ఆ కథలన్నింటికీ పల్లవి. అది అమాయకత్వమని నేను అనుకోను. దొరను తప్పుపడితే ఊళ్ళో నిలువ నీడ ఉండదు, దివానును తప్పుపడితే దొరవారే ఒకనాడు అతన్ని తీసివేయవచ్చు. తెలిసి చేసిన లెక్క అది.

పారిస్‌లో లెక్క కూడా అదే. పదమూడవ లూయీ 1643లో చనిపోయేనాటికి కొడుకుకు ఇంకా అయిదేళ్ళు నిండలేదు. రాజ్యం తల్లి చేతిలోనూ, ఆమె నమ్మిన మజారిన్ చేతిలోనూ పడింది. స్పెయిన్‌తో యుద్ధం సాగుతున్నది, ఖజానా ఖాళీగా ఉన్నది, కొత్త పన్నులు ఒకదాని మీద ఒకటి వచ్చిపడుతున్నాయి. 1648 ఆగస్టు 26న పన్నులను ఎదిరించిన బ్రూసెల్ అనే వృద్ధ న్యాయాధికారిని అరెస్టు చేయగానే పారిస్ వీధులన్నీ అడ్డుకట్టలతో నిండిపోయాయి. మరుసటి జనవరిలో అర్ధరాత్రి వేళ రాజకుటుంబం నగరం విడిచి సెయింట్ జెర్మైన్‌కు పారిపోయింది. ఆ వెంటనే పారిస్ పార్లమాన్ మజారిన్‌ను రాజుకూ ప్రజాశాంతికీ శత్రువని ప్రకటించింది. ఈ పార్లమాన్ మనకు తెలిసిన చట్టసభ కాదు, రాజాజ్ఞలను నమోదు చేసే పెద్ద న్యాయస్థానం. 1653 దాకా సాగిన ఈ అంతర్యుద్ధాన్ని ఫ్రోండ్ అంటారు. ఆ నాలుగైదేళ్ళలో వెలువడిన కరపత్రాలలో మనదాకా వచ్చినవి ఇంచుమించు 5,000 రకాలు. వాటికి మజారినాదులని పేరు.

ఆ కరపత్రం ఎలా ఉండేదో తెలియాలంటే ఒక పెద్ద కాగితాన్ని తీసుకుని సగానికి మడిచి, మళ్ళీ అడ్డంగా సగానికి మడిస్తే చాలు. నాలుగు ఆకులు, ఎనిమిది పుటలు వస్తాయి. అచ్చుపని తెలిసినవాళ్ళ మాటలో చెప్పాలంటే ఒక్క ఫారం, అంతే. అట్ట ఉండదు, కుట్టు ఉంటే ఉన్నట్లు లేకుంటే లేనట్లు. కాగితం నాసిరకం, అక్షరాలు అరిగిపోయినవి, తప్పులు దిద్దే తీరిక ఎవరికీ లేదు. రాత్రి రాసినది మర్నాటికి అచ్చయి, తిరిగి అమ్ముకునేవాళ్ళ బుట్టల్లోకి చేరేది. వాళ్ళు శీర్షికను కేక వేస్తూ వీధులు తిరిగేవారు, కాబట్టి శీర్షికలు కేక వేయడానికి వీలుగా, చెవిని పట్టి లాగేటట్లు ఉండేవి. సేన్ నది మీద 1607లో పూర్తయిన పోన్ నెఫ్ వంతెన వాళ్ళకు పెద్ద అడ్డా. ఆ కాలపు వంతెనల మీద ఇళ్ళు కట్టుకునేవారు, దీని మీద అవి లేవు, కనుక జనం నిలబడడానికి చోటు ఉండేది. పాటల కరపత్రాలకు స్వరం రాయనక్కరలేదు, ఫలానా పాట బాణీలో పాడుకోవాలని పైన ఒక్క వరుస వేసేవారు. అందరికీ నోటికి వచ్చిన బాణీ గనుక చదువు రానివాడికి కూడా సాయంత్రానికి ఆ తిట్టు కంఠస్థం అయ్యేది. "పాడుకోనివ్వండి, పన్నులయితే కడతారు కదా" అని మజారిన్ అన్నాడని ఒక కథ ఉంది. నిజంగా అన్నాడో లేదో గాని, ఆయన తత్వానికి సరిగ్గా అతికిన మాట అది.

2024 మే 13న మహేంద్రతనయ నదికి ఇటువైపు ఒడిశాలోని మా బరంపురం లోక్‌సభ స్థానానికీ, అటువైపు ఆంధ్రకూ ఒకే రోజు పోలింగు జరిగింది. ఇటు కాగితాలు ఒడియాలోనూ తెలుగులోనూ, అటు కాగితాలు తెలుగులోనూ, అన్నీ కలిసి ఒకే వారంలో మా వీధి గుమ్మాలలో పడ్డాయి. ఆకాశరామన్న రాసినవి కూడా వాటిలో కొన్ని ఉన్నాయి. ఎన్నికల కరపత్రం మీద ముద్రాపకుని పేరు, ప్రచురణకర్త పేరు, ఇద్దరి చిరునామాలు ఉండాలని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127-ఏ సెక్షను చెబుతుంది. పెళ్ళి శుభలేఖలు రెండు లిపుల్లోనూ వేసే ఒక పాత ప్రెస్సు పెద్దాయనను దీని సంగతి అడిగాను. "పేరు లేకుండా వేస్తే మన మీద కేసు బాబూ, పేరు వేస్తామంటే తెచ్చినోడు మళ్ళీ రాడు" అన్నారు. "మరి ఏం చేస్తారు మావయ్యా?" అంటే నవ్వి, ఆరబెట్టిన శుభలేఖలను ఒక అంచుకు సర్దుకుంటూ ఉండిపోయారు.

ఫ్రాన్స్‌లో ఈ చట్టానికి తాతలాంటిది 1566 నాటి మూలాన్ శాసనం. పరువు తీసే రాతలను నిషేధించి, ఏ పుస్తకానికయినా రాజముద్రతో అనుమతి ఉండాలని, దాని మీద ముద్రాపకుని పేరు, నివాసం ఉండాలని అది విధించింది. మజారినాదులలో చాలావాటి మీద అవేవీ లేవు. కొన్నింటి మీద ఉన్న పేర్లు కూడా నమ్మదగ్గవి కావు. మజారిన్‌ను పొగుడుతున్నట్లు నటిస్తూ మజారిన్ మనుషులే వేసినట్లు కనిపించే తిట్టు కరపత్రాలు, అవతలి పక్షంవాడు రాసినట్లు భ్రమ కలిగించి అవతలి పక్షాన్నే ముంచే ఉత్తరాలు, సమాధానం వెలువడకముందే దాని మీద పుట్టిన ఖండనలు, ఇలా ఆ రాశిలో చెయ్యి పెడితే ఏది ఎవరిదో తేల్చుకోవడం కష్టం.

ఇక్కడే నాకు ఒక అభ్యంతరం ఉంది. మజారినాదులను ప్రజాగ్రహానికి గొంతుక అని, పత్రికాస్వేచ్ఛకు తొలి మెట్టు అని మెచ్చుకోవడం పరిపాటి అయింది. వాటిలో ఆకలి, పన్నుల బాధ, రొట్టె ధర కనిపించని మాట కాదు. కాని డబ్బు ఎక్కడిదని అడిగితే చిత్రం మారిపోతుంది. పారిస్ ఆర్చిబిషప్పుకు వారసుడుగా ఉన్న గోండి, తర్వాతి కార్డినల్ రెట్జ్, సొంతంగా రచయితలను పోషించాడు, తానూ రాశాడు. తర్వాత మజారిన్‌కు ఎదురుతిరిగిన కోండే రాకుమారుడికి వివెనే అనే ముద్రాపకుడు ఉండేవాడు, అతని అచ్చుపని సాగింది రాకుమారుడి భవనంలోనే. కలానికి జీతం ఇచ్చేవాడు మారితే తిట్టు తినేవాడూ మారేవాడు. 1649లో మజారిన్‌ను దుమ్మెత్తిపోసిన రాతలు సిరానో ద బెర్జరాక్ అనే రచయితవని పండితులు భావిస్తారు. అదే సిరానో 1651 నాటికి మజారిన్ విరోధులనే ఎగతాళి చేస్తూ లేఖ రాశాడు. ఫ్రాన్స్‌లో 1631లో మొదటి వారపత్రికను స్థాపించిన రెనోదో ఇంట్లో సంగతి ఇంకా తమాషా. రాజుగారి సేన పారిస్‌ను ముట్టడించిన రోజుల్లో ఆయన రాజుగారి వెంట సెయింట్ జెర్మైన్‌లో ఉండి దర్బారు తరఫున అచ్చువేస్తుంటే, కొడుకులు పారిస్‌లో ఉండి పార్లమాన్ తరఫున అచ్చువేశారు. ఎవరు గెలిచినా ప్రెస్సు ఇంట్లోనే ఉంటుంది. ఈ కాగితాలను అభిప్రాయాలుగా కాక ఎత్తుగడలుగా చదవాలని క్రిస్టియన్ జువో అనే ఫ్రెంచి చరిత్రకారుడు వాదించాడు. నేను ఆయన పక్షమే. రెట్జ్ స్వయంగా తన జ్ఞాపకాలలో ఆ యుద్ధకాలపు కరపత్రాలు 60 సంపుటాలకు పైగా ఉన్నా చదవదగ్గ ఆకులు వంద కూడా లేవని తేల్చేశాడు. రాయించినవాడి మాట కనుక దానికి విలువ ఉంది.

వాటిలో నాకు బాగా పరిచయమైన వాసన ఒకటి మాత్రం తగులుతుంది. మజారిన్ ఇటలీలో పుట్టినవాడు. 1639లోనే ఫ్రెంచి పౌరుడయినా, అతని యాస, అతని జూదం, అతను తెప్పించిన ఇటలీ గాయకులు, అతను పిలిపించుకున్న మేనకోడళ్ళు, అన్నీ నేరాలయ్యాయి. దొంగతనం రుజువు చేయాలంటే లెక్కలు చూపాలి, పరాయివాడని రుజువు చేయడానికి యాసను అనుకరిస్తే చాలు. సరిహద్దు ఊళ్ళో బతికేవాళ్ళకు ఈ ఆయుధం సంగతి వేరే చెప్పనక్కరలేదు. రైలుగేటు దగ్గర టీ కొట్టులో ఏ వాదన ఓడిపోతున్నా చివరి మాటగా బయటికి వచ్చేది వాడిది ఆ ఒడ్డా, ఈ ఒడ్డా అన్నదే.

మంత్రిని కవచంగా వాడుకోవడం ఫ్రోండ్‌తో పుట్టింది కాదు. 1560లో రాజు రెండవ ఫ్రాన్సువా పదహారేళ్ళ కుర్రవాడు, అధికారం భార్య మేనమామలయిన గీజ్ సోదరులది. వారిలో లోరేన్ కార్డినల్‌ను పులి అని సంబోధిస్తూ ఫ్రాన్సువా హోత్మాన్ అనే న్యాయపండితుడు ఒక ఉత్తరం రాశాడు. రాజు చిన్నతనాన్ని ఆసరాగా చేసుకున్న పులి అన్నది అందులోని వాదం, రాజు మీద మాత్రం ఈగ వాలలేదు. ప్రతులతో దొరికిపోయిన మార్తాన్ లొమ్మె అనే అంగడివాణ్ణి జూలైలో మోబేర్ కూడలిలో ఉరితీశారు. అతణ్ణి హింసించవద్దని గుంపును వారించిన పాపానికి రువాన్ నుంచి వచ్చిన వర్తకుణ్ణి కూడా కొద్ది రోజులకే అక్కడే ఉరితీశారు. రాసిన హోత్మాన్ మాత్రం తన పడక మీదనే పోయాడు. అచ్చువేసినవాడికి, అమ్మినవాడికి ఉరి, రాసినవాడికి అజ్ఞాతం, రాయించినవాడికి రాజీ ఒప్పందం అన్న పద్ధతి ఆ తర్వాత రెండు వందల ఏళ్ళు పెద్దగా మారలేదు.

ఫ్రాన్స్ రాజు మూడవ హెన్రీ కథ ఇంకా స్పష్టం. 1588 వేసవి దాకా గీజ్ ప్రభువు నడిపిన కాథలిక్ లీగు అనే మతపక్షం కరపత్రాలు ఆయన ఆంతరంగికుడు ఎపెర్నోన్ చుట్టూ తిరిగాయి. ఎప్పుడో చచ్చిపోయిన ఇంగ్లాండు రాజు రెండవ ఎడ్వర్డు, అతని ప్రియమిత్రుడు గావెస్టన్ కథను పాత చరిత్రలాగా అచ్చువేస్తే ఎవరిని గురించో పారిస్ అంతటికీ తెలిసిపోయింది. ఆ ఏడు డిసెంబరు 23న బ్లువా కోటలో, తన గది పక్కనే, హెన్రీ రాజు ఆ గీజ్ ప్రభువును చంపించాడు. ఆ పని ఏ మంత్రి మీదకూ నెట్టలేనిది. పక్షం రోజుల్లో పారిస్‌లోని సోర్బోన్ మతపండితులు ప్రజలు రాజుకిచ్చిన ప్రమాణం చెల్లదని తీర్మానించారు, అచ్చాపీసులు గొలుసు తెగిన కుక్కల్లా ఆయన మీదనే పడ్డాయి. హెన్రీ ద వలువా అన్న పేరులోని అక్షరాలను తారుమారు చేసి దుష్ట హేరోదు, అంటే బైబిల్లోని ఆ క్రూర రాజు, అని చదివారు. గీజ్ చెల్లెలు మోంపాన్సియె ప్రభుపత్ని రాజుకు సన్యాసి గుండు చేసే కత్తెరనని నడుముకు బంగారు కత్తెర వేలాడదీసుకుని తిరిగింది. 1589 ఆగస్టు 1న జాక్ క్లెమాన్ అనే సన్యాసి ఆయనను పొడిచాడు, మర్నాడు రాజు పోయాడు. ఆ కాగితాలను ఈరోజు మనం చూడగలుగుతున్నామంటే అది లెస్తువాల్ అనే పారిస్ ఉద్యోగి పుణ్యం. లీగును మనసారా అసహ్యించుకుంటూనే దాని బొమ్మలను, పాటలను, గోడపత్రాలను ఏరి తెచ్చి పెద్ద పుస్తకంలో అతికించుకున్నాడాయన. నచ్చిన కాగితాన్ని దాచుకోవడం అందరూ చేసేదే, నచ్చనిదాన్ని దాచేవాడే చరిత్రకు పనికివస్తాడు.

ఆ లీగును చంపిన హాస్యం కూడా కరపత్రంగానే వచ్చింది. 1593లో లీగువారు పారిస్‌లో జరిపిన సభను వెక్కిరిస్తూ కొందరు న్యాయవాదులు, కవులు కలిసి రాసిన మెనిప్పీ వ్యంగ్యం 1594లో అచ్చయింది. లూవ్ర్ ప్రాంగణంలో ఇద్దరు గారడీ వైద్యులు, ఒకడు స్పెయిన్‌వాడు, ఒకడు లోరేన్‌వాడు, సర్వరోగ నివారిణి అని ఒక భక్తి మందును అమ్ముతుంటారు. అది పుచ్చుకుంటే ఎంత ద్రోహం చేసినా భక్తుడిగానే లెక్క. అనామక తిట్లన్నిటి నడుమ నాకు నిజంగా నవ్వు తెప్పించినది ఇదొక్కటే. ఎందుకంటే ఇందులో నాయకులను ఎవరూ తిట్టరు, వాళ్ళే లేచి తమ ఉపన్యాసాలలో నిజం చెప్పేస్తారు.

మళ్ళీ మజారిన్ దగ్గరకు వస్తే, 1651 చివర పార్లమాన్ అతని తలకు 1,50,000 లివ్ర్‌ల వెల కట్టి, ఆ డబ్బుకు అతని గ్రంథాలయాన్ని వేలం వేయించింది. ఆ గ్రంథాలయాన్ని కూర్చిన నోదే అప్పటికే మజారిన్ మీద వచ్చిన కరపత్రాలను ఒక అంగడివాడూ ఒక ముద్రాపకుడూ తాగుతూ చర్చిస్తున్నట్లు వందల పుటల సంభాషణ రాసి ఉన్నాడు. మజారిన్ 1653లో తిరిగి వచ్చి, పోగొట్టుకున్నవి చాలావరకు మళ్ళీ సమకూర్చుకుని, 1661లో మంత్రిగానే కన్నుమూశాడు. అతని పేరుతో పారిస్‌లో నేటికీ ఉన్న గ్రంథాలయంలోనే మజారినాదుల పెద్ద సేకరణ ఉంది.

మజారిన్ చావుతో కవచం పోయింది. ఇకమీదట ప్రధానమంత్రి ఉండడని, తానే పాలిస్తానని పద్నాలుగవ లూయీ ప్రకటించాడు. మెచ్చుకోదగ్గ మాటే గాని, దాని ఖరీదు ఏమిటో స్కారన్ కుటుంబం కథలో కనిపిస్తుంది. మజారినాదులకు ఆ పేరు వచ్చింది 1651లో వెలువడిన, పోల్ స్కారన్‌దని చెప్పే ఒక బూతు పద్యకృతి వల్ల. పక్షవాతంతో ముడుచుకుపోయి కుర్చీకి అంటుకున్న ఈ కవి రాణి ఇచ్చే భరణం పోగొట్టుకున్నాడు, 1660లో చనిపోయాడు. ఆయన పేద భార్య రాజుగారి అక్రమ సంతానాన్ని పెంచే దాదిగా దర్బారులో అడుగుపెట్టి, మాంతెనోన్ దొరసానియై, రాణి చనిపోయాక 1683లో రహస్యంగా రాజుకే భార్య అయింది. 1694లో స్కారన్ దయ్యం వచ్చి ఆమెను పలకరించినట్లు ఒక కరపత్రం పుట్టింది. విజయ కూడలిలో రాజు విగ్రహం కింద సంకెళ్ళతో ఉండే నలుగురు బందీల స్థానంలో, రాజునే బంధించిన నలుగురు ప్రియురాళ్ళను అందులోని బొమ్మలో చెక్కారు. ఈసారి మోర్లోకు జరిగినట్లు జరగలేదు. పోలీసు అధికారి లరేనీ ఆ నవంబరులో ఒక అచ్చుపనివాణ్ణీ, పుస్తకాలు కుట్టే కుర్రవాణ్ణీ గ్రేవ్ మైదానంలో ఉరితీయించాడు, ఎవరూ రాయి విసరలేదు. కాని ఆ బొమ్మలో ఉన్నది మంత్రి కాదు, రాజు.

పదిహేనవ లూయీ నాటికి ఇది మామూలయిపోయింది. 1749లో రాజును రాక్షసుడని సంబోధించే పద్యం ఒకటి చేతులు మారుతుంటే, ఒకడి నుంచి ఇంకొకడికి వెనక్కి తవ్వుకుంటూ పోలీసులు 14 మందిని, ఎక్కువగా విద్యార్థులను, పూజారులను, గుమస్తాలను బాస్తీలు చెరసాలకు పంపారు, అసలు కవి మాత్రం దొరకలేదు. 1771లో చాన్సలర్ మోపూ పార్లమాన్‌ను రద్దు చేసినప్పుడు తిట్లు తినడానికి మళ్ళీ ఒక మంత్రి దొరికాడు గాని, అప్పటి కరపత్రాలు మోపూతో పాటు రాజునూ, ఆయన ప్రియురాలు ద్యు బారీనీ కలిపే తిట్టాయి. 1774 మేలో ముసలి రాజు పోయి, ఇరవై ఏళ్ళు నిండని పదహారవ లూయీ ఆగస్టులో మోపూను తొలగించగానే పారిస్ జనం అతని దిష్టిబొమ్మను తగలబెట్టి కొత్త రాజుకు జేజేలు పలికారు. పూజారి పోయాడు, దేవుడు మంచివాడే అన్న పాత లెక్క మరొక్కసారి సరిపోయింది. అయితే ఖాళీ అయిన ఆ చోటులోకి కొద్ది రోజుల్లోనే రాజుగారి భార్య, మజారిన్ లాగే పరదేశంలో పుట్టిన మారీ ఆంత్వానెత్ వచ్చి చేరింది. ఆమె మీద అచ్చవుతున్న కరపత్రాన్ని పట్టుకుని నాశనం చేయడానికని అదే వేసవిలో నాటకకర్త బోమార్షేను రహస్యంగా పంపారు. దాని జాడ పట్టుకుంటూ అతను వియన్నా దాకా వెళితే, ఈ కరపత్రం రాసింది ఇతనే అయి ఉంటాడని అనుమానించి అక్కడి మంత్రి కౌనిట్జ్ అతణ్ణి ఇంచుమించు నెల రోజులు నిర్బంధంలో ఉంచాడు.